ముందు అడ్డగీత: కుంచెరాత నేర్చుకోబోయే అమ్మాయికి లేఖ

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

చైనా కుంచెరాత నేర్చుకోవాలని ఉందనీ, ఏ అక్షరంతో మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగావు. సింగపూర్‌లో ఉద్యోగం చేసిన కాలంలో ఒక వృద్ధ గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడిగా నా సలహా ఒక్కటే: ఇప్పుడే అక్షరాల జోలికి పోకు. ముందు 'హెంగ్' అనే అడ్డగీత నీ చేతికి రావాలి.

సామగ్రి విషయంలో ఎక్కువగా ఆలోచించనక్కరలేదు. వట్టి మేక వెంట్రుకల కుంచె మరీ మెత్తగా ఉండి కొత్త చేతికి లొంగదు కనుక, మేక వెంట్రుకలూ, వీజిల్ అనే ముంగిసలాంటి చిన్న జంతువు వెంట్రుకలూ కలిపి కట్టిన మధ్యరకం కుంచె తీసుకో. సీసా సిరా చాలు; సిరాకడ్డీని రాతిమీద అరగదీస్తే తప్ప సాధన కాదనేవారి మాట ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. అన్‌హుయ్ రాష్ట్రపు జింగ్ జిల్లాలో తయారయ్యే షువాన్ కాగితం ప్రసిద్ధమైనదే కాని, అందులో ఏ పూతా లేని పచ్చిరకం సిరాను క్షణంలో పీల్చుకుని తడబాటునంతా బయటపెడుతుంది. సాధనకు వెదురు గుజ్జుతో చేసిన పసుపుపచ్చ కాగితం మేలు.

కుంచెను నిటారుగా పట్టుకో. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కాడను బిగించి పట్టుకుంటే, ఉంగరపువేలు లోపలివైపు నుండి ఆనుకుని ఉండాలి, చిటికెనవేలు దానికి తోడుండాలి. అరచేయి బోలుగా ఉండాలి.

ఇక హెంగ్. కుంచె మొనను ముందు కొద్దిగా ఎడమవైపుకు ఆనించి, అక్కడి నుండి కుడివైపు కిందికి ఏటవాలుగా నొక్కి, ఒక్క క్షణం ఆగి, చెదిరిన వెంట్రుకలను ఒకచోటికి చేర్చుకున్న తరువాతనే కుడివైపుకు సాగాలి. సాగేటప్పుడు మొన గీత నడుమనే నడవాలి, ఒత్తిడి కొంచెం తగ్గాలి, గీత కుడివైపుకు రవ్వంత పైకి లేవాలి. చివర కుంచెను కొద్దిగా ఎత్తి, మళ్లీ కుడివైపు కిందికి నొక్కి, వచ్చిన దారినే కాస్త వెనక్కి మళ్లించి ఎత్తేయాలి. చూసేవారికి గీత నడుమ భాగమే కనిపిస్తుంది కాని, కొత్తవారి గీతలు చెడేది ఎక్కువగా ఈ రెండు కొసల దగ్గరే. అక్కడ ఓపిక పట్టలేక జర్రున లాగేస్తే అది పెన్సిల్ గీతే అవుతుంది.

'షు' అనే నిలువుగీతకు మొదలు ఇలాంటిదే. ముగింపులు మాత్రం ప్రధానంగా రెండు: వేలాడే సూదిలా సన్నబడి ముగిసేది ఒకటి, మంచుబిందువులా గుండ్రంగా నిలిచిపోయేది మరొకటి. గుండ్రని ముగింపుతో మొదలుపెట్టు, సూదిమొనకు చేతిలో అదుపు ఎక్కువ కావాలి. ఎడమకు జారే 'పియె', కుడికి జారే 'నా' తరువాత వస్తాయి. ఈ రెంటిలో 'నా' కష్టం, ఎందుకంటే సన్నగా మొదలై క్రమంగా లావై, పాదం దగ్గర ఆగి, అక్కడి నుండి నెమ్మదిగా ఎత్తుతూ కుడికి సన్నబడాలి.

తెలుగు రాసే మన చేతికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గుండ్రంగా తిరగడానికి అలవాటుపడిన ఈ చేయి, గీతలన్నీ విడివిడిగా, స్పష్టంగా రాసే 'కైషు' శైలిలో గీత విరిగే మూల దగ్గర కూడా ఆగకుండా వంపు తిప్పేస్తుంది. అక్కడ ఆగి, కుంచెను కొంచెం ఎత్తి, మళ్లీ నొక్కి దిశ మార్చాలి.

'యోంగ్' అనే ఒక్క అక్షరంలో ఎనిమిది మూలగీతలూ ఉన్నాయని, దానితోనే మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. 353లో ప్రఖ్యాత కుంచెరాత కళాకారుడు వాంగ్ షీజీ ఒక కవితా సంకలనానికి రాసిన లాన్‌తింగ్ పీఠికలో మొదటి అక్షరం అదే. కాని ఆ ఎనిమిదింటినీ ఒకేసారి మోయడం కొత్తవారికి భారమని నా అభిప్రాయం. గీతలు విడివిడిగా కుదిరాక దానిని పరీక్షగా రాసి చూడు. ఆ తరువాత 752లో మరో ప్రసిద్ధ కుంచెరాత కళాకారుడు యెన్ జెన్‌చింగ్ కైషు శైలిలో రాసిన దువోబావ్ శిలాశాసనపు ముద్రిత ప్రతి కొనుక్కుని, రాసేముందు ప్రతి అక్షరాన్నీ కాసేపు చూడు.

సాధన ముగియగానే కుంచెను చల్లని నీటిలో మొదలుదాకా కడిగి, మొన కిందికి ఉండేలా వేలాడదీయి. సిరా లోపల ఎండితే వెంట్రుకలు మళ్లీ ఒకచోటికి చేరవు. హెంగ్ గీతలు రాసిన కాగితాల ఫోటోలు నాకు పంపు. కుదిరినవి ఏరి పంపకుండా, చెడినవాటిని కూడా కలిపి పంపితేనే నీ చేయి ఎక్కడ తొందరపడుతోందో నాకు తెలుస్తుంది.

ఇట్లు,
మీ పెదనాన్న