ఐదో నెలకు ఏడవకూడదా?

ఉత్తరం సారాంశం ఇది. ఆమె ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు. నాలుగేళ్ల క్రితం ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. అప్పుడు అత్తగారు ఆమెను కన్నతల్లిలా చూసుకున్నారు. తర్వాత పాప పుట్టింది, వచ్చే నెల ఆ పాప మొదటి పుట్టినరోజు. మూడు నెలల క్రితం తోడికోడలికి ఐదో నెలలో గర్భం పోయింది. ఆమెది ప్రేమ పెళ్లి, పుట్టింటివాళ్లు రారు. ఆసుపత్రిలో బాలింతల వార్డులోనే మంచం ఇచ్చారు. పదో రోజుకే ఆఫీసుకు వెళ్లింది. ఇప్పటికీ పాపను ఎత్తుకోదు, పాప ఏడిస్తే గది తలుపు వేసుకుంటుంది. "ఐదో నెలకే ఇంత రాద్ధాంతమా?" అంటున్నారు అత్తగారు. "పుట్టినరోజు నాడు ఆమెను ఎటైనా తీసుకెళ్లమని మా మరిదికి చెప్పనా?" అన్నది ఈమె ప్రశ్న.

అమ్మా,

మీరడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు: చెప్పకండి. అది ఆ అమ్మాయి ఇల్లు కూడా. ఆ రోజు అందరితో కలిసి కూర్చుంటుందో, గదిలో ఉంటుందో ఆమె ఇష్టం. ఈ ప్రశ్న ఇంతటితో సరి.

ఉత్తరం మధ్యలో మీరు యథాలాపంగా రాసిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో ఆ అమ్మాయి అర్ధరాత్రి బాత్‌రూమ్‌లో లైటు వేసుకుని జాకెట్లు ఉతుక్కోవడం చూశానని, ఏమిటని అడగలేదని రాశారు. ఎందుకు ఉతుక్కుందో మీకు తెలుసమ్మా. ఐదో నెలలో పోయినా పాలు పడతాయి. రెండు మూడు రోజులు గడిచేసరికి రొమ్ములు గట్టిపడి, సలిపి, జాకెట్టు తడుస్తుంది. మీకూ అదే జరిగింది. అప్పుడు మీ అత్తగారు రాత్రంతా పక్కన కూర్చుని చల్లని తడిగుడ్డలు మార్చారని, డాక్టరుతో మాట్లాడి పాలు ఆగే మందు ఇప్పించారని మీరే రాశారు. ఆ మందు అందరికీ సరిపడదు, బీపీ ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. కానీ అలాంటి మందొకటి ఉందని ఆ అమ్మాయికి చెప్పినవాళ్లే లేరు. ఒకే ఇల్లు, ఒకే బాత్‌రూమ్. ఒకరికి తడిగుడ్డ పట్టిన చేతులున్నాయి, ఇంకొకరు రహస్యంగా జాకెట్లు ఉతుక్కున్నారు.

మీకూ తోడికోడలికీ మధ్య ఏదో తేడా వచ్చిందని మీరనుకుంటున్నారు. నాకు కనిపించే చిక్కు మీకూ మీ అత్తగారికీ మధ్య ఉంది. ఆవిడ మీకు చేసిన సేవ చిన్నది కాదు. ఆ రుణం మీ నోరు కట్టేసింది. ఆవిడ "ఐదో నెలకే" అన్నప్పుడల్లా లోపల గుచ్చుకుంటోంది కాబట్టే నాకు ఉత్తరం రాశారు. పైకి మాత్రం తలూపుతున్నారు. ఎదురు చెబితే అప్పటి ప్రేమను మరిచినట్టవుతుందని మీ భయం. కృతజ్ఞత ఉన్నచోట మాట్లాడే చనువు కూడా ఉండాలి. నాకు ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు. అత్తగారి ముందు ఆ మాట అనగలిగే మనిషి ఆ ఇంట్లో మీరొక్కరే. చిన్నకోడలు అంటే ఎదిరించినట్టు, మీ మరిది అంటే పెళ్లాం కొంగు పట్టుకున్నట్టు అవుతుంది. మీరు అంటే వింటారు.

నెలలు లెక్కపెట్టి దుఃఖాన్ని కొలిచే అలవాటు మీ అత్తగారితో మొదలైంది కాదు, కాగితాల్లోనూ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల లెక్కలు పోల్చడానికి 28 వారాలు దాటాక పోయిన బిడ్డనే మృత శిశువుగా పరిగణిస్తుంది. బ్రిటన్‌లో ఆ గీత 24 వారాల దగ్గర ఉంది. అది లెక్కల కోసం గీసిన గీత, తల్లి కడుపులో అలాంటి గీత ఏదీ ఉండదు. ఆ లెక్కలోకి వచ్చే బిడ్డలే ఏటా సుమారు 19 లక్షల మంది. వాళ్లలో ఎక్కువమంది పేద దేశాల్లోనే పోతున్నారు. నూటికి 40 మందికి పైగా పురిటి నొప్పులు మొదలయ్యాక పోతున్నారు, అంటే సమయానికి సరైన వైద్యం అందితే చాలామంది బతికేవాళ్లే. డబ్బున్న దేశాల్లోనూ తేడాలు పోలేదు. నల్లజాతి స్త్రీలకు గర్భస్రావం ముప్పు తెల్లవాళ్లకంటే సుమారు 40 శాతం ఎక్కువని 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎవరి బిడ్డ పోతే ఎంత ఆదరణ దొరకాలన్నది తల్లి ఎవరన్నదాన్ని బట్టి తేలిపోతోంది. మీ ఇంట్లో జరిగింది కూడా అదే. పెద్దలు చూసి తెచ్చుకున్న కోడలికి ఒకలా, కొడుకు తెచ్చుకున్న కోడలికి ఇంకోలా. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

"స్కూటర్ మీద తిరిగింది, అందుకే పోయింది" అని అత్తగారు అంటున్నారట. ఆ మాట ఆ ఇంట్లో ఇంకోసారి వినపడకూడదు. తొలి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం పిండం క్రోమోజోముల్లో లోపం వల్లే పోతాయి. ఐదో నెలలో అయితే గర్భాశయ ముఖద్వారం బలహీనంగా ఉండటం, ఇన్ఫెక్షన్, మాయలో లోపం లాంటివి ఉండొచ్చు. కొన్ని కనిపెడితే వచ్చేసారి జాగ్రత్త పడొచ్చు, ముఖద్వారానికి కుట్టు వేసి గర్భాన్ని నిలిపిన సందర్భాలు ఎన్నో. మీకు మాయను పరీక్షకు పంపారు, ఏం జరిగిందో డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు. ఆ అమ్మాయి చేతిలో డిశ్చార్జి కాగితం పెట్టి పంపించారు. ఆ కాగితం తీసుకుని మీ డాక్టరు దగ్గరకు ఇద్దరూ వెళ్లండి. మీరు పక్కన ఉంటే ఆ అమ్మాయి అడగలేని ప్రశ్నలు మీరు అడగగలరు. నిద్ర, తిండి సరిగా లేవన్న సంగతీ, గది తలుపులు వేసుకుంటున్న సంగతీ దాచకుండా చెప్పండి. మూడు నెలలైనా ఇలా ఉంటే మానసిక వైద్యుల సాయం అవసరం కావచ్చు. బతకాలని లేదన్న మాట ఆమె నోట వస్తే మాత్రం అదే రోజు తీసుకెళ్లాలి.

పదో రోజుకే ఆఫీసుకు వెళ్లిందంటే బాధ లేదని కాదు. భారతదేశంలో చట్టం, గర్భస్రావం అయిన ఉద్యోగినికి ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. డాక్టరు కాగితం చూపిస్తే చాలు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, కూలికి వెళ్లేవాళ్లకు ఆపాటి ఆసరా కూడా లేదు. హక్కు ఉండి కూడా ఈమె వాడుకోలేదంటే ఆఫీసులో అడిగే ధైర్యం చాలలేదో, అలాంటిది ఉందనే తెలియలేదో. ఇంట్లో ఒక్కరైనా "కొన్నాళ్లు వెళ్లకమ్మా" అని ఉంటే బాగుండేది.

అత్తగారితో ఎలా మాట్లాడాలా అని మథనపడకండి. ఆవిడను తప్పుపట్టనక్కర్లేదు. ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, "ఆ రాత్రి మీరు నాకు తడిగుడ్డలు వేయకపోతే నేనేమైపోయేదాన్నో అత్తయ్యా. దీనికి ఎవరూ వేయలేదు" అనండి. ఆవిడ రాతి మనిషి కాదు, ఆ చేతులే చెబుతున్నాయి. వెంటనే ఒప్పుకోరు, విసుక్కుంటారు. రెండు రోజులాగి మళ్లీ అనండి.

పోయింది పాపో బాబో కూడా మాకెవరికీ తెలియదని ఉత్తరం చివర రాశారు. ఆ అమ్మాయికి తెలిసే ఉంటుంది. ఈ రాత్రి పాప పడుకున్నాక వెళ్లి అడగండి. తర్వాత ఏం మాట్లాడాలా అని కంగారు పడకండి, ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. తెల్లారి ఆఫీసుందని మీరే తొందరగా లేచి రాకండి.