హాతీపత్థర్ వెళ్తున్నావట

ఒరేయ్ నాన్నా, ఆదివారం ఫ్రెండ్స్‌తో ఒడిశాలోని రాయగడ వెళ్లి నాగావళి ఏట్లో హాతీపత్థర్ బండల దగ్గర ఈత కొడతావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మొన్నటిదాకా బావి గట్టెక్కడానికే జడిసినవాడివి, ఇప్పుడు ఏట్లో ఈతా! సంబరంగానే ఉంది గానీ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకోండి. మందు తాగినవాణ్ణి నీళ్లలోకి దిగనివ్వొద్దు. బండల మీద పాచి ఉంటుంది, చూసి అడుగెయ్యి. తలకిందులుగా మాత్రం దూకకు, నిరుడు లోతున్న చోట ఈ ఏడు వరద రాయి తెచ్చి పెట్టి ఉండొచ్చు.

శ్రీకాకుళం వంతెన కింద ఇసుకలో పరుచుకుని పారే నాగావళిని చూసి అక్కడి నాగావళిని అంచనా వెయ్యకురా. ఏరు అదే, అక్కడ ఏనుగుల్లాంటి బండల మధ్య ఇరుకున దూకుతుంది. పైన కలహండి కొండల్లో వాన పడితే, మన నెత్తిన ఎండ మాడుతున్నా నీళ్లొచ్చేస్తాయి.

మేం అక్కడికి వెళ్లినప్పుడు నాకు పదహారు, మీ నాన్నకి పదకొండు. పెద్దాళ్లు వంటల్లో ఉంటే వాణ్ణి నేనే నడిమి బండ మీదికి తీసుకుపోయాను, మోకాలి లోతే కదా అని. ఆ బండలో రోలు లాంటి గుంట, వరదకి గులకరాళ్లు గిరగిరా తిరిగి తొలిచింది. వాడు బోర్లా పడుకుని అందులో చెయ్యి పెట్టి నున్నటి రాళ్లు ఏరుతున్నాడు. "అక్కా, నీళ్లు టీ రంగయ్యాయి" అన్నాడు. చూశాను. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. అప్పుడే లేవాలా వద్దా? కొత్త పరికిణీ తడుస్తుందని, "ఏం కాదులే, తగ్గాక వెళ్దాం" అన్నాను. తగ్గలేదు, కాసేపటికి నా నడుం దాకా వచ్చింది. ఒడ్డున బట్టలుతుకుతున్న ఒకాయన రెండు తువ్వాళ్లు ముడేసి విసరబట్టి బతికాం. మీ నాన్న గోళ్లు దిగిన గుర్తులు నా మణికట్టు మీద వారం ఉన్నాయి. వాడి చెప్పొకటి పోయింది. గుడి దగ్గర పోయిందని అమ్మకి అబద్ధం చెప్పాను, వాడూ ఇప్పటికీ అదే చెబుతాడు, పిచ్చి వెధవ.

అందుకే నడిమి బండెక్కొద్దు. రంగు మారినా, చప్పుడు పెరిగినా బట్టలు, ఫోన్లు వదిలేసి ఒడ్డుకొచ్చెయ్.

పొడుగు తాడొకటి పంపిస్తున్నాను, బరువని బ్యాగులోంచి తీసెయ్యకు. తిరుగు రైలెక్కగానే ముందు నాకు ఫోన్ చెయ్యి, తర్వాతే మీ నాన్నకి.

మీ అత్త