పూస చిట్లితే రాగిని తిట్టకండి

ప్రశ్న: నమస్తే అక్కా. బనారస్ నుంచి మంట మీద చేసే లాంప్‌వర్క్ గాజు పూసలు తెప్పించి, రాగి తీగతో హారాలు అల్లి అమ్ముతున్న. కొన్ని పూసలు నెల, రెండు నెలలకు రంధ్రం దగ్గర చిట్లుతున్నయి. వేసుకున్నోళ్ల మెడ మీద ఆకుపచ్చ మరక పడుతుంది. తీగ బిగించి లాగుడుకే పూస పగులుతుందని మా ఇంటాయన అంటడు. రాగి మానేసి ఇత్తడి పెట్టాల్నా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మానకండి చెల్లెమ్మా. ఇత్తడిలోనూ ఎక్కువ పాలు రాగే, ఆ మరక దానికీ తప్పదు. ముందు పూస సంగతి చూద్దాం.

మంట మీద గాజు కడ్డీ కొసను కరిగించి, మట్టి పూత పూసిన సన్నటి స్టీలు పుల్ల మీద చుడితే పూస తయారవుతుంది. పైభాగం ముందు చల్లారి గట్టిపడుతుంది. లోపలి గాజు తర్వాత ముడుచుకోబోతే పైపొర కదలనివ్వదు. ఆ బిగువు పూసలోనే ఉండిపోతుంది. అందుకే కరెంటు కొలిమిలో 500 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త పైన కొంతసేపు నిలిపి, గంటల తరబడి మెల్లగా చల్లార్చాలి. అనీలింగ్ అంటే ఇదే. ఇది చేయని పూస కొన్నప్పుడు నిగనిగలాడుతుంది, తర్వాత ఎవరూ తాకకపోయినా బీరువాలోనే చిట్లుతుంది. మీకు జరుగుతున్నది ఇదేనని నా అనుమానం.

వెలుతురు దూరే పూసలను ఇంట్లోనే పరీక్షించవచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్లటి ఖాళీ పేజీ తెరవండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను తెర ముందు పట్టి, తెర నల్లబడేదాకా తిప్పండి. ఇప్పుడు తెరకూ కళ్లద్దాలకూ మధ్యలో పూస పెట్టండి. రంధ్రం చుట్టూ వెలుగు మరకలు మెరిస్తే బిగువు ఉన్నట్టే. కొత్త సంచి వస్తే ఇలా కొన్ని చూడందే నేను ఒక్క పూసా గుచ్చను. వెలుతురు దూరని ముదురు రంగు పూసలకు ఇది పనికిరాదు, కొలిమిలో పెట్టారా అని అమ్మేవాళ్లను సూటిగా అడగండి. ఇంకా చిట్లని వాటిని కొలిమి ఉన్నవాళ్లతో మళ్లీ అనీలింగ్ చేయించవచ్చు.

మీ ఇంటాయన మాట కొట్టిపారేసేది కాదు. రాగి వంచినకొద్దీ బిరుసెక్కుతుంది. బిరుసు తీగను పట్టకారుతో గుంజితే పూస అంచు పెచ్చు లేస్తుంది. గుచ్చకముందే తీగను ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో ముంచండి, మెత్తబడుతుంది. పైన పట్టిన నల్లపొర చింతపండు, ఉప్పుతో తోమితే పోతుంది. మోటారు వైండింగ్ తీగను మాత్రం కాల్చకండి, దాని పూత పొగ ఊపిరికి చెరుపు.

ఇక మరక. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు రాగితో కలిస్తే వచ్చేదే అది, సబ్బుతో పోతుంది. నెయిల్‌పాలిష్ పూస్తే వంపుల దగ్గర ఊడి ఇంకా వికారంగా ఉంటుంది. మన పాత గుండ్ల హారాలకు వెనక పట్టుదారం కట్టేవాళ్లు కదా, మీరూ అదే చేయండి. మెడకు తగిలేదంతా దారం, రాగి ముందువైపు జాకెట్టు మీదికి రావాలి. నేను నారాయణపేట మగ్గాల దగ్గర మిగిలిన నూలు తెచ్చి పేనుకుంటా. మా పాలమూరు ఎండల్లో కూడా నా దగ్గర కొన్నవాళ్లు మెడ పచ్చబడిందని తిరిగి రాలేదు.

ప్రశ్న: 2024లో మా దగ్గరి పాత బౌద్ధ క్షేత్రం ఫణిగిరి తవ్వకాల్లో గాజు పూసలు దొరికినయని చదివిన. అవీ ఇట్లనే చేసేవాళ్లా మేడం?
– ఒక డిగ్రీ విద్యార్థి, సూర్యాపేట

జవాబు: ఆ తవ్వకంలో 3,730 సీసపు నాణేల కుండ గురించే అందరూ మాట్లాడారు, మీరు పూసలను పట్టించుకున్నందుకు సంతోషం. ఆ నాణేల కాలంలో, అంటే సుమారు క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల ఇక్ష్వాకుల కాలంలో, మన దక్షిణాదిన చిన్న గాజు పూసలను ఎక్కువగా సాగదీసి చేసేవాళ్లు. కరిగిన గాజును పొడవాటి సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి, మళ్లీ వేడిచేసి అంచులు నునుపు చేస్తారు. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో ఈ విద్య మన కాలం దాకా నిలిచింది. మీకు పాత పూస ఎదురైతే భూతద్దంలో చూడండి. లోపలి గీతలు, బుడగలు రంధ్రం వెంట నిలువుగా సాగి ఉంటే లాగినది, చుట్టూ తిరిగి ఉంటే చుట్టినది. ఫణిగిరి గుట్ట మీద కనబడితే మాత్రం జేబులో వేసుకోకండి, ఉన్నచోటే ఫొటో తీసి వారసత్వ శాఖవాళ్లకు చూపండి.