బొమ్మ అమ్మితే హక్కు కూడా అమ్మినట్టేనా?

సందేహం: మాది విశాఖపట్నం. మనసు కుంగినవారికి ధైర్యం చెప్పే చిన్న చిన్న బొమ్మలు గీస్తాను. మా అమ్మగారు పోయిన దుఃఖంలో మొదలుపెట్టిన పని ఇది. 2023 జనవరిలో బీచ్ రోడ్డులోని ఒక గ్యాలరీలో నా బొమ్మల ప్రదర్శన జరిగింది. చివరి రోజున నిర్వాహకులు మూడు బొమ్మలు కొన్నారు. అంతకుముందే పోస్టరు కోసం డబ్బిచ్చి నా చేత డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ బొమ్మ ఒకటి గీయించుకున్నారు. ఆ నాలుగింటితో 2023 నవంబరులో క్యాలెండరు వేసి అమ్మారు, మరుసటి నవంబరులోనూ వేశారు. నా సంతకం కత్తిరించేశారు. అడిగితే ‘డబ్బిచ్చి కొన్నాం, మా ఇష్టం’ అంటున్నారు. ప్రదర్శన రోజు ఏదో కాగితం మీద సంతకం పెట్టాను, నకలు తీసుకోలేదు. పాత తేదీ స్టాంపు పేపరు మీద ఒప్పందం రాయించుకోమని బంధువు ఒకరు చెబుతున్నారు. నన్ను నమ్మించి మోసగించిన వారికి శిక్ష పడేదెలా? కేసు ఖర్చు భరించేదెలా?
– ఒక సోదరి

సమాధానం: మీ ఉత్తరంలో నమ్మకం గురించి, మోసం గురించి ఎంతో రాశారు గానీ, కేసును తేల్చేది ‘ఏదో కాగితం మీద సంతకం పెట్టాను’ అన్న ఒక్క మాటే. ఆ కాగితంలో ఏముందన్న దాని మీదే మిగిలినది చాలావరకు ఆధారపడి ఉంటుంది.

బొమ్మ వేరు, బొమ్మ మీది కాపీరైటు వేరు. కొన్నవారు ఆ బొమ్మను గోడకు తగిలించుకోవచ్చు, మరొకరికి అమ్ముకోవచ్చు. అంతమాత్రాన దాన్ని అచ్చు వేసి అమ్ముకొనే హక్కు వారికి రాదు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం తొలి హక్కుదారు గీసినవారే. ఆ హక్కు చేతులు మారాలంటే 19వ సెక్షన్ ప్రకారం హక్కుదారు సంతకంతో రాతపూర్వక బదిలీ ఉండి తీరాలి. కాబట్టి ‘డబ్బిచ్చి కొన్నాం’ అన్న వాదన ఒక్కటే వారిని కాపాడదు. వారిని కాపాడగలిగేది మీరు సంతకం పెట్టిన కాగితమే.

అందులో ప్రదర్శన నిబంధనలు, కమీషను వంటివి మాత్రమే ఉంటే మీ హక్కు మీ దగ్గరే ఉంది. ‘సర్వహక్కులూ ఇస్తున్నాను’ అని ఉన్నా కథ అక్కడితో ముగియదు. ఏ బొమ్మ, ఏ హక్కు, ఎంతకాలం, ఎంత ప్రతిఫలం అన్నవి బదిలీ పత్రంలో ఉండాలని చట్టం చెబుతోంది. కాలం రాయకపోతే అయిదేళ్లుగానే పరిగణిస్తారు. అంటే మీ విషయంలో అది 2028 జనవరితో తీరిపోతుంది. లైట్‌హౌస్ బొమ్మ సంగతి వేరు. డబ్బిచ్చి ప్రత్యేకంగా గీయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, గీయించుకున్నవారే తొలి హక్కుదారులనే మినహాయింపు ఆ 17వ సెక్షన్‌లోనే ఉంది. మీ బొమ్మ అందులోకి వస్తుందా రాదా అని వాదించవచ్చు గానీ, కేసును దాని మీద మాత్రం నిలబెట్టవద్దు.

సంతకం పెట్టిన కాగితానికి నకలు తీసుకోకపోవడం అమాయకత్వం కాదమ్మా, అజాగ్రత్త. సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవడానికి క్షణం పట్టదు. ఆ పని చేయలేదు కనుక ఇప్పుడు నకలు కోరుతూ లాయరు ద్వారా నోటీసు పంపాలి. వారు ఇవ్వకపోతే, దావాలో ఆ పత్రాన్ని హాజరుపరచమని కోర్టు ద్వారా కోరవచ్చు. అప్పుడూ దాచిపెడితే, ఆ దాచడాన్ని కోర్టు వారికే వ్యతిరేకంగా తీసుకొనే అవకాశం ఉంది.

ఇక పాత తేదీ స్టాంపు పేపరు మాట. ఆ ఆలోచనను ఈ క్షణమే వదిలేయండి. స్టాంపు పేపరు వెనుక క్రమసంఖ్య, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు, వెండరు సంతకం ఉంటాయి. అవే వివరాలు వెండరు రిజిస్టరులోనూ ఉంటాయి. అవతలి న్యాయవాది ఆ రిజిస్టరును పిలిపించాడంటే అదే రోజున మీ కేసు కూలిపోతుంది. అంతటితో ఆగదు. కోర్టులో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడదగిన నేరం. న్యాయం మీ వైపు ఉండగా నిందితురాలిగా నిలబడే దుస్థితి తెచ్చుకోవద్దు. మీకా సలహా ఇచ్చిన బంధువు ఆ రోజు మీ పక్కన బోనులో నిలబడడు.

నిజమైన సాక్ష్యమే మీ దగ్గర కావలసినంత ఉంది. పెన్సిలు చిత్తు గీతలు, స్కాన్ చేసిన ఫైళ్లు, మీ సంతకం కనిపించేలా గ్యాలరీ గోడ మీద తీసిన ఫొటోలు భద్రపరచండి. రెండు క్యాలెండర్లనూ బిల్లుతో సహా సంపాదించండి; ఫొటో తీసి ఊరుకుంటే చాలదు. వాట్సాప్ సంభాషణలు సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, అవి ఏ ఫోనులోంచి ఎలా తీశారో తెలిపే సర్టిఫికెట్ కావాలి, కనుక ఆ ఫోను మార్చవద్దు, అందులోంచి ఏదీ తొలగించవద్దు. మీ బొమ్మల కింది రెండు మూడు మాటల ధైర్యవచనాలకు కాపీరైటు దొరకదు; మీ గీతకే దొరుకుతుంది. రిజిస్ట్రేషను లేదని దిగులు పడనక్కరలేదు, అది తప్పనిసరి కాదు. అయితే ఒక్కో చిత్రానికి 500 రూపాయల రుసుముతో ఇప్పుడైనా చేయించుకుంటే హక్కుకు ప్రాథమిక రుజువుగా పనికొస్తుంది.

సంతకం కత్తిరించిన విషయాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. నిజానికి మీ చేతిలోని గట్టి ఆయుధం అదే. కర్తగా గుర్తింపు కోరే హక్కు కాపీరైటు చట్టం 57వ సెక్షన్ కింద, కాపీరైటు మొత్తం బదిలీ చేసిన తరువాత కూడా మీకే ఉంటుంది. ఆ కాగితంలో ఏమున్నా ఈ వాదన నిలుస్తుంది.

కాలపరిమితి చట్టం 88వ అధికరణం ప్రకారం కాపీరైటు ఉల్లంఘనకు పరిహారం కోరే దావాను ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మూడేళ్లలోగా వేయాలి. మొదటి క్యాలెండరుకు ఆ గడువు 2026 నవంబరుతోను, రెండో దానికి 2027 నవంబరుతోను తీరుతుంది. నోటీసు ఇచ్చినా, ఫోనులో ఎన్నిసార్లు అడిగినా గడువు ఆగదు.

శిక్ష సంగతి తరువాత, ముందు అచ్చును ఆపించండి. క్యాలెండరు శివకాశిలో అచ్చయినా, మీరుండేదీ అమ్మకాలు జరిగిందీ విశాఖలోనే కనుక దావా ఇక్కడే వేయవచ్చు. దావా విలువ 3 లక్షలు, అంతకు మించితే విశాఖలోని వాణిజ్య వివాదాల కోర్టులో, అంతకు తక్కువైతే జిల్లా కోర్టులో వేయాలి. వాణిజ్య కోర్టుకు వెళ్లేముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, అత్యవసరంగా మధ్యంతర ఇంజంక్షన్ (అచ్చును తాత్కాలికంగా ఆపే కోర్టు ఉత్తర్వు) కోరుతున్నప్పుడు తప్ప. కొత్త క్యాలెండర్ల అచ్చు నవంబరుకు బాగా ముందే మొదలవుతుంది కాబట్టి ఇంజంక్షన్ దరఖాస్తు ఆలోపే పడాలి.

ఖర్చు గురించి అడిగారు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో దరఖాస్తు చేస్తే న్యాయవాదిని నియమిస్తారు. వెళ్లేటప్పుడు జిరాక్సులు ఇచ్చి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. దరఖాస్తు నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోవడం మాత్రం ఈసారి మరవకండి.