మహేంద్రగిరి నుంచి కనిపించే ఆ మసక వెలుగు ధూళేనా? దాన్ని చూడటానికి అంతరిక్షంలో టెలిస్కోప్ ఎందుకు?

ధూళే. మన పర్లాకిమిడి వైపు వానలు వెనకబడ్డాక, అమావాస్య రోజుల్లో తెల్లవారుజామున తూర్పున గోపురంలా లేచే పలచటి వెలుగు అది. తోకచుక్కలు, గ్రహశకలాలు విడిచిన రేణువుల మీద ఎండ పడి మెరుస్తోంది.

కంటికి ఆ మెరుపే అందుతుంది, రేణువుల వేడి అందదు. జీడిపిక్కలు కాల్చిన పొయ్యి ఆరాక నిప్పు కనబడదు, చెయ్యి పెడితే సెగ తగులుతుంది కదా, ఇన్‌ఫ్రారెడ్ చూపు అలాంటిది. చిక్కేమిటంటే, గాలి కూడా అదే సెగ చిమ్ముతుంది, పైగా నీటి ఆవిరి చాలావరకు అడ్డుకుంటుంది. నేల మీద నుంచి చూడటం పట్టపగలు మిణుగురును వెతకడమే! టెలిస్కోప్ సొంత వేడి కూడా తంటాయే. అందుకే 1983లో ఐరాస్ అనే ఇన్‌ఫ్రారెడ్ అంతరిక్ష టెలిస్కోప్‌ను ద్రవ హీలియంతో చల్లబరిచారు. హీలియం అయిపోయేసరికి, పది నెలలకే దాని పని ముగిసింది. ఆలోపే గ్రహశకలాలు ఢీకొని మిగిల్చిన ధూళి పట్టీలను పట్టేసింది.

నాకు మరీ నచ్చేది 2009 నాటి సంగతి. శని చుట్టూ, ఫీబీ అనే ఉపగ్రహం ధూళితో ఏర్పడిన బ్రహ్మాండమైన వలయాన్ని స్పిట్జర్ అనే మరో ఇన్‌ఫ్రారెడ్ అంతరిక్ష టెలిస్కోప్ చూసింది. శని నుంచి సుమారు 60 లక్షల కిలోమీటర్ల దగ్గర మొదలై అక్కడి నుంచి మరో కోటి కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉంది. అంత పెద్దదైనా మామూలు వెలుగులో దాదాపు కనబడదు, అంత పలచన.