పాత ఫ్లాట్‌లో కొత్త సోఫా కోసం బంగారం కుదువ పెట్టకండి

ప్రశ్న: హనుమకొండ నయీంనగర్‌లో మాకు 950 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ ఉంది. 2001లో కట్టిన అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. నాన్నగారిని చూసుకోవడానికి కాజీపేటలోని పాత ఇంటికి మారాం. ఫ్లాట్‌ను ఉన్నదున్నట్టు ఇస్తే 10,500 కిరాయి వస్తుంది. అన్ని హంగులతో ఇస్తే 17,000 వస్తుందని ఇంటీరియర్ పని చేసే ఆయన చెప్పి, 7 లక్షలకు ఎస్టిమేట్ ఇచ్చాడు. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని. జీతం 48,000, ఏప్రిల్, మే నెలల్లో సగమే ఇస్తారు. ఇంటి ఖర్చు, చిట్టీ కలిపి నెలకు 36,000. ఫిక్స్‌డ్ డిపాజిట్ 3 లక్షలుంది. అది తీసేసి, 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ 2.5 లక్షలు, మా ఆవిడ బంగారం మీద 10 శాతానికి 1.5 లక్షలు తీసుకుందామని ఆలోచన. బాత్రూం కింద స్లాబుకు చెమ్మ ఎక్కుతోందని కిందింటివాళ్లు అంటున్నారు, గీజర్ ప్లగ్గు ఒకసారి కాలింది. అవి చిన్న పనులే. ఈ ప్లాన్ సరైనదేనా? పన్ను మినహాయింపు వస్తుందా? లోన్ బదులు చిట్టీ పాడుకుంటే నయమా?

జవాబు: ఈ రెండు అప్పులూ వద్దు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మొత్తం తీయడం అంతకన్నా వద్దు. మీ ఉత్తరం ఇక్కడ తీసుకోవడానికి కారణం, పాత ఫ్లాటు ఉన్న చాలామంది ఇదే లెక్క వేసుకుంటున్నారు. కిరాయి ఎంత పెరుగుతుందో చూస్తారు. కిరాయి రాని నెలలో ఇల్లెలా గడుస్తుందో చూడరు.

పెరిగే కిరాయి లెక్క ముందు చూద్దాం. ఫర్నిచర్‌తో ఉన్న ఫ్లాట్‌కు వచ్చేది ఎక్కువగా ఏడాది, ఏడాదిన్నర ఉండి పోయేవాళ్లు. ఏడాదిలో రెండు నెలలు ఖాళీ అనుకుంటే 17,000 చొప్పున పది నెలలకు 1,70,000. కుటుంబం దిగి కదలకుండా ఉంటే 10,500 చొప్పున పన్నెండు నెలలకు 1,26,000. తేడా 44,000. ఖాళీ నెలల్లో మెయింటెనెన్స్ మీరే కట్టాలి. అది నెలకు 1,500 అయితే మిగిలేది 41,000. ఇక అప్పు చూడండి. పర్సనల్ లోన్ ఈఎంఐ దాదాపు 8,545, బంగారం మీద వడ్డీ 1,250. రెండూ కలిపి నెలకు 9,795, ఏడాదికి 1,17,540. ఏటా 41,000 అదనపు ఆదాయం కోసం 1,17,540 కడతారా? బంగారం మీద తెచ్చిన అసలు 1.5 లక్షలు ఏడాది తిరిగేసరికి అలాగే నిలబడి ఉంటుంది.

దీనికన్నా నన్ను భయపెడుతున్నది మీ ఏప్రిల్, మే నెలలు. మీకు సగం జీతం వచ్చేది అప్పుడే. పిల్లల పరీక్షలైపోయి కిరాయికున్న కుటుంబాలు ఖాళీ చేసేదీ అప్పుడే. ఆ నెలలో మీ చేతికొచ్చేది 24,000. పోయేది ఇంటికి 36,000, అప్పులకు 9,795, మెయింటెనెన్స్ 1,500. నెలకు 23,295 తక్కువ, రెండు నెలలకు 46,590. ఈ మేలో బంగారం కుదువ పెడితే వచ్చే మేలోనే విడిపించాలి. వెంటనే జూన్‌లో పిల్లల ఫీజులు. అప్పటికి మీ ఫిక్స్‌డ్ డిపాజిట్ సోఫాగా, ఫాల్స్ సీలింగ్‌గా మారిపోయి ఉంటుంది. నాన్నగారికి ఒక్క రాత్రి ఆసుపత్రి అవసరం పడితే ఏం చేస్తారు? సోఫా అమ్మితే సగం ధర కూడా రాదు. మళ్లీ బంగారమే తీస్తారు. ఇంట్లో బంగారమంతా బ్యాంకు లాకర్లోంచి బ్యాంకు తాకట్టులోకి పోయేది ఇలాగే.

కాబట్టి మీ 3 లక్షల్లో ఆరు నెలల ఖర్చు, అంటే 2,16,000, అత్యవసర నిధి. దాన్ని ఫ్లాట్ కోసం ముట్టుకోవద్దు. మీ ఆవిడ పేరు కూడా కలిపి వేరే ఖాతాలో పెట్టండి. మిగిలేది 84,000. ఫ్లాట్ మీద పెట్టాల్సింది అంతే. ఎనిమిది నెలల కిరాయితో తిరిగొచ్చే మొత్తం అది.

84,000తో ఏమవుతుందని అనుకోకండి. ఆ 7 లక్షల ఎస్టిమేట్‌లో మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్‌లు, ఏసీలు, టీవీ, సోఫా, మంచాలు, పెయింటింగ్ ఉన్నాయి. పాతికేళ్ల వైరింగ్‌కు, కారుతున్న బాత్రూంకు ఒక్క రూపాయి లేదు. మీరు చిన్న పనులన్న ఆ రెండే అసలు పనులు.

బాత్రూంకు 20,000 పెట్టండి. పలుగు పట్టే ముందు నీళ్లు ఎక్కడినుంచి కారుతున్నాయో తేల్చుకోవాలి. ఫ్లాట్ ఇప్పుడు ఖాళీగా ఉంది కనుక ఇదే మంచి అదను. నాలుగు రోజులు నీళ్లు వాడకుండా, ట్యాంకు నుంచి వచ్చే వాల్వు మాత్రం తెరిచి ఉంచండి. అయినా కిందింటి స్లాబు తడుస్తూనే ఉంటే గోడలోని జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప గొట్టం) తుప్పు పట్టి చిల్లిపడిందని అర్థం. ఆ లైను వదిలేసి సీపీవీసీ పైపు (వేడినీళ్లకు ఆగే ప్లాస్టిక్ గొట్టం) వేయించాలి. తడి ఆరుతుంటే లోపం నేలలోనో, నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) దగ్గరో ఉంది. అప్పుడు ట్రాప్‌ను గుడ్డతో బిగించి రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, గోడ మీద పెన్సిలుతో గీత పెట్టి, మర్నాడు చూడండి. నీళ్లు గీత కిందికి బాగా దిగితే లోపం నేలలో, దిగకపోతే ట్రాప్ దగ్గర. ఈ పరీక్ష చేయకుండా టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ నింపేసి డబ్బు తీసుకునేవాళ్లున్నారు. రెండు నెలల్లో మళ్లీ కారుతుంది, ఎందుకంటే చాలాసార్లు నీళ్లు పోయేది ట్రాప్‌కూ పైపుకూ మధ్య అతుకులోంచి. నేల తవ్వాల్సొస్తే ట్రాప్ మార్చి, పాలిమర్ కలిపిన సిమెంట్ కోటింగ్ రెండు పూతలు, గోడ మీదికి అడుగెత్తు దాకా వేయించండి. ఆరాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కిందింటాయన పైకప్పు చూసి సరేనన్నాకే టైల్స్. మేస్త్రీ తొందర పెడతాడు, ఆ రెండు రోజులు వదులుకోవద్దు.

వైరింగ్‌కు 22,000. గీజర్ ప్లగ్గు ఎందుకు కాలిందో ఒకసారి చూడండి. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. పాత బోర్డులో ఉండేది 6 ఆంపియర్ల సాకెట్, వెనకాల లైట్లకు వేసిన సన్న వైరు. కన్వర్టర్ పిన్ను పెట్టి నడిపిస్తే వదులైన స్క్రూ దగ్గర వేడెక్కి, ముందు ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతుంది, తర్వాత నల్లబడి కరుగుతుంది. మీ ప్లగ్గు ఒకసారి కాలిందంటే ఆ లైనంతా అనుమానించాల్సిందే. సాకెట్ ఒక్కటీ మార్చి ఊరుకోవద్దు. గీజర్‌కు, ఏసీ పెట్టుకునే గదికి డీబీ (ఇంటి మెయిన్ స్విచ్ బోర్డు) నుంచి విడివిడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఒక్కోదానికి 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తనే పడిపోయే స్విచ్). వంటింటి ప్లగ్గులకు 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. లైట్ల వైరు బాగుంటే ఉంచండి, అల్యూమినియం అయితే అది కూడా 1.5 రాగికి మార్చాలి, అవసరమైతే పెయింటింగ్‌లో కోత పెట్టి అయినా సరే. డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తుకు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. పాత ఇళ్లలో ఎక్కడో న్యూట్రల్, ఎర్తు కలిసిపోయి ఉంటే అది పెట్టగానే పదేపదే పడిపోతుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు అప్పుడు దాన్ని బైపాస్ చేసి వెళ్లిపోతారు. ఒప్పుకోకండి, తప్పు కలిసిన చోటు వెతకమనండి. కిరాయికున్నవాళ్ల ఇంట్లో తడిచేత్తో గీజర్ స్విచ్ వేసేది చిన్నపిల్ల కావచ్చు. సెల్లార్‌లోని ఎర్త్ గుంత ఏ స్థితిలో ఉందో అసోసియేషన్‌ను అడిగి చూపించుకోండి.

కుళాయిలు, ఫ్లష్ ట్యాంకు, సింకు కింది పైపులకు 6,000. పెయింటింగ్‌కు 28,000, అదీ అన్నిటికన్నా చివర. తడి గోడ మీద పుట్టీ పెడితే మొదటి వానాకాలానికే పొక్కులై రాలుతుంది. లీకు ఆపాక మూడు వారాలైనా ఆరనివ్వండి. ఇల్లంతా ఒకే లేత రంగు వేయించి, షేడ్ నంబరు రాసుకుని, లీటరు రంగు దాచిపెట్టుకుంటే తర్వాతి కిరాయిదారు వచ్చేటప్పుడు ఒక్క గోడ దిద్దితే సరిపోతుంది. మిగిలిన 8,000 తాళాలకు, సజ్జల తలుపులకు, కిటికీలకు జాలీలకు. హనుమకొండలో కోతుల సంగతి మీకు చెప్పక్కర్లేదు. వంటింటి కిటికీకీ బాల్కనీకీ గట్టి ఇనుప జాలీ వేయిస్తే, ఇల్లు చూడ్డానికొచ్చిన గృహిణికి సోఫాకన్నా అదే ముందు కనిపిస్తుంది.

ఫర్నిచర్ ఏమీ కొనొద్దు. ఫ్యాన్లు, లైట్లు, గీజర్, కర్టెన్ రాడ్లు, అంతే. కరీంనగర్ నుంచో మంచిర్యాల నుంచో బదిలీ మీద వచ్చే కుటుంబం డీసీఎం నిండా తన సామానుతోనే దిగుతుంది. వాళ్లకు కావాల్సింది జాగ. మీ మంచం వాళ్లకు అడ్డం. అందులోనూ ఎస్టిమేట్‌లో వార్డ్‌రోబ్‌లకు రాసింది పార్టికల్ బోర్డు అయితే, చెమ్మ ఉన్న గోడకు ఆనించిన రోజునుంచే అడుగు ఉబ్బడం మొదలవుతుంది.

పన్ను సంగతి: కిరాయి ఆదాయంలో, మీరు కట్టిన మున్సిపల్ పన్ను పోను 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఎలాగూ వస్తుంది, మరమ్మతుకు ఎంత ఖర్చు పెట్టినా పెట్టకపోయినా. సోఫా కోసం తెచ్చిన అప్పు వడ్డీకి ఏమీ రాదు. చిట్టీ ఇప్పుడు పాడుకోవద్దు, చివరిదాకా ఉంచండి. ఫ్లాట్ అమ్మే ఆలోచన ఉంటే అది వేరే లెక్క, ఈ తొందరలో వద్దు.

అత్యవసర నిధి మాట మళ్లీ చెప్తాను, ఎందుకంటే ఇల్లు కిరాయికిచ్చినవాడికి అది మామూలు ఉద్యోగికన్నా ఎక్కువ కావాలి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్ వైపు ఎంత నీరొచ్చిందో చూశారు. మీది రెండో అంతస్తే, కానీ సెల్లార్‌లో మోటారు, మీటర్లు మునిగితే పైన ఉన్నవాళ్లకు నీళ్లూ ఉండవు, కరెంటూ ఉండదు. ఆ నెల కిరాయి అడగలేరు, అసోసియేషన్ మాత్రం మీ వాటా అడుగుతుంది. అందుకని మొదటి నాలుగు నెలల కిరాయి, 42,000, ముట్టకుండా ఆ నిధిలోనే కలపండి. ఐదో నెల నుంచి మీ కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా ప్రీమియం, ఫ్లాట్‌కు భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ కట్టండి. కాలేజీ ఇచ్చే గ్రూప్ బీమా ఉద్యోగం ఉన్నంతవరకే.

కిరాయిదారు ఇచ్చే రెండు నెలల అడ్వాన్సు కూడా మీ డబ్బు కాదు. ఖాళీ చేసిన రోజు తిరిగివ్వాలి కనుక నిధి పక్కనే విడిగా ఉంచండి. పదకొండు నెలల అగ్రిమెంట్‌కు మీటరు రీడింగ్, ఫ్యాన్లు, గీజర్ జాబితా, గదుల ఫొటోలు జతచేసి ఇద్దరూ సంతకాలు చేయండి.

ఇక సమయం. బడులు మామూలుగా జూన్ రెండో వారంలో తెరుస్తారు, కుటుంబాలు ఆలోపే ఇళ్లు చూసుకుంటాయి. ఆషాఢం వస్తే కొత్త ఇంట్లో పాలు పొంగించేవాళ్లు ఉండరు, మళ్లీ శ్రావణం దాకా టులెట్ బోర్డు వేలాడుతుంది. గోడలు ఆరే మూడు వారాలు కూడా లెక్కేసుకుంటే బాత్రూం పని ఈ వారమే మొదలవ్వాలి. లోన్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టకపోతే ఆపేయండి. ఆదివారం పొద్దున ఫ్లాట్‌కు వెళ్లి వాల్వు తెరవండి, కిందింటాయన్ని పిలిచి స్లాబు మీద తడి మరక చుట్టూ చాక్‌పీసుతో గీత గీయించి, గురువారం మళ్లీ చూడండి.