6 వోల్టుల బొమ్మ జీపులో 12 వోల్టుల బ్యాటరీ: టకటక శబ్దం ఎందుకు

12 వోల్టుల బ్యాటరీ పెట్టాక స్పీడు పెరిగింది గానీ వెనక చక్రం దగ్గర టకటకమంటోంది, రిమోట్ కూడా పనిచేయట్లేదు అన్నారు కదండీ. ఆ శబ్దం దాదాపు ఖాయంగా గేర్‌బాక్సుదే. వోల్టేజి రెట్టింపైతే మోటారు వేగమూ ఇంచుమించు రెట్టింపవుతుంది. ఆగి ఉన్న బండి ఒక్కసారిగా కదిలినప్పుడు ఆ దెబ్బంతా అందులోని గేర్ల ప్లాస్టిక్ పళ్లే కాయాలి. స్క్రూలు విప్పి చూడండి, పళ్లు అరిగి గ్రీజులో ప్లాస్టిక్ పొడి కనిపిస్తుంది.

గేరొక్కటే మారిస్తే మళ్లీ పోతుంది. మోటారు, గేర్‌బాక్సు కలిపి 12 వోల్టుల సెట్టు కొనండి. రెండు వైపులా మోటార్లుంటే రెండూ ఒకే ఆర్‌పీఎంవి (నిమిషానికి తిరిగే చుట్లు) తీసుకోవాలి, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది. కొనేముందు గేర్‌బాక్సులో ఇరుసు దూరే రంధ్రం కొలుచుకోండి.

రిమోట్ పనిచేయట్లేదంటే, దాని సిగ్నల్ అందుకునే రిసీవర్ బోర్డు బహుశా కాలిపోయి ఉంటుంది. 12 వోల్టులది, రిమోట్‌తో జతగా, మెల్లగా వేగం అందుకునే సాఫ్ట్ స్టార్ట్ ఉన్నదే అడగండి. గేర్లు బతికేది దానివల్లే. పాటల బోర్డు, లైట్లు 6 వోల్టులవైతే వాటికి వోల్టేజి తగ్గించే చిన్న బక్ కన్వర్టర్ కావాలి.

ఫ్యూజు మాత్రం తీసేయకండి, బ్యాటరీ ప్లస్ పక్కనే ఉండాలి. పాత 6 వోల్టుల చార్జర్‌తో ఈ బ్యాటరీకి చార్జ్ ఎక్కదు.